ఇంటి వడ్రంగం షెడ్డులో డిస్క్ శాండర్: ముందుగా బల్ల సంగతి

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది: హైదరాబాద్ నిజాంపేటలోని ఇంట్లో కారు షెడ్డును వడ్రంగం పనికి మార్చుకుని పిల్లల బొమ్మలు, ఫొటో ఫ్రేములు, చిన్న పెట్టెలు చేస్తున్నారు. 4 అంగుళాల బెల్టు, 6 అంగుళాల చక్రం కలిసి ఉన్న కొత్త కాంబినేషన్ యంత్రం కొనాలా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో చూసి వచ్చిన 12 అంగుళాల పాత ఇనుప డిస్క్ శాండర్ (గరుకు కాగితం అంటించిన చక్రం గిరగిరా తిరుగుతూ చెక్కను అరగదీసే యంత్రం) తీసుకోవాలా అన్నది తేలడం లేదు. పైగా స్నేహితుడి యంత్రం మీద టేకు ముక్క కొస నల్లగా మాడింది, మూల 90 డిగ్రీలకు రాలేదు. తప్పు యంత్రానిదా, చేతిదా అన్నది మీ రెండో సందేహం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు చేసే పనులకు పెద్ద చక్రమే తగినది. అయితే ఆ పాత యంత్రంలో చక్రం ముందు చెక్కను పెట్టే బల్ల చదునుగా ఉండి, బిగించిన చోట కదలకుండా నిలిస్తేనే తీసుకోండి. లేదంటే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. డిస్క్ శాండర్ కొనడానికి వెళ్లినవారు మోటారు ఎన్ని హెచ్‌పీ, చక్రం ఎన్ని అంగుళాలు అని అడిగి ఊరుకుంటారు. ఇరవై ఏళ్ల క్రితం నేనూ అంతే అడిగి, ఇంటికి తెచ్చుకుని, తర్వాత తల పట్టుకున్నాను. చక్రానికి తెలిసింది చెక్కను అరగదీయడం ఒక్కటే. ఏ కోణంలో అరగాలో చెప్పేది దాని ముందున్న బల్ల.

ఈ యంత్రం దేనికి పనికివస్తుందో, దేనికి రాదో ముందు తేల్చుకోవాలి. చెక్క ముఖాన్ని నునుపు చేయడానికి ఇది పనికిరాదు. పలక ముఖాన్ని చక్రానికి ఆనించారంటే విల్లులా వంగిన గీతలు పడతాయి, వాటిని చేత్తో రుద్ది పోగొట్టడానికి ఒక పూట పడుతుంది. ఆ పనికి చేత్తో పట్టుకుని నడిపే ర్యాండమ్ ఆర్బిటల్ శాండర్ వేరే ఉంది. డిస్క్ శాండర్ పనంతా అంచులతో, కొసలతో, కోణాలతోనే: రంపంతో కాస్త ఎక్కువగా కోసుకున్న ముక్కను సరిగ్గా గీత దగ్గరికి తెచ్చి ఆపడం, ఫ్రేము మూలలు అతికేలా చేయడం, బొమ్మ బండి చక్రాన్ని గుండ్రంగా తేల్చడం, బయటికి ఉబ్బిన వంపులను సరిదిద్దడం. లోపలికి తిరిగిన వంపుల్లోకి చదునైన చక్రం ఎలాగూ చేరదు. అడ్డంగా కోసిన కొస మీద చిత్రిక పట్టడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. అంచు చిట్లకుండా వెంట్రుకవాసి మందం తీయాలంటే మంచి పనివాడికి కూడా చెయ్యి వణుకుతుంది. సరిగ్గా అమర్చిన డిస్క్ శాండర్ మీద ఆ వెంట్రుకవాసి రెండు క్షణాల పని.

నా మొదటి యంత్రం మీరు చూస్తున్న కాంబినేషన్ లాంటిదే. దాని బల్లను రేకు వంచి చేశారు. బొటనవేలితో నొక్కితే ముందుకు వాలేది. కోణం పెట్టుకునే మైటర్ గేజి తన గాడిలో వదులు పన్నులా ఊగేది. మా అమ్మాయి వేసిన రంగుల బొమ్మకు 50 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీతో ఫ్రేము చేద్దామని కూర్చున్నాను. మూడు మూలలు ముచ్చటగా అతికాయి, నాలుగో మూలలో రూపాయి బిళ్ల దూరేంత సందు మిగిలింది. లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. ఫ్రేముకు ఎనిమిది కోతలు ఉంటాయి. ఒక్కో కోత పావు డిగ్రీ తప్పినా ఎనిమిదీ కలిసి రెండు డిగ్రీలవుతుంది, 50 మిల్లీమీటర్ల పట్టీని 45 డిగ్రీలకు కోస్తే వచ్చే 70 మిల్లీమీటర్ల పైచిలుకు అతుకు మీద రెండు డిగ్రీలంటే సుమారు రెండున్నర మిల్లీమీటర్ల సందు. పావు డిగ్రీ కంటికి కనపడేది కాదు, గేజి మీద గీతలు చూసి పట్టుకోగలిగేదీ కాదు. మీ స్నేహితుడి యంత్రం మీద మూల రాకపోవడానికి కూడా యంత్రంలోని ఇలాంటి లోపమే కారణమని నా అనుమానం. చేతి తప్పయితే ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు తప్పుతుంది. ప్రతి ముక్కా ఒకే వైపు తప్పుతుంటే అది యంత్రం అమరికలో ఉన్న తప్పే.

అమరిక సరిచూసే పద్ధతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అసలు పనితనం ఇక్కడే ఉంది. బల్ల కింద ఉండే డిగ్రీల ముల్లును నమ్మకండి. ముందుగా మంచి మూలమట్టం, మన మేస్త్రీలు గునియా అనేది, బల్ల మీద నిలబెట్టి చక్రానికి ఆనించి, వెనక నుంచి టార్చి వెలుగు వేసి చూడండి. గరుకు కాగితం అంటించి ఉంటే రేణువుల వల్ల మోసపోతారు కనుక కాగితం తీసేసి, దాన్ని అంటించే ఉత్త పళ్లెం మీదే చూడాలి. వెలుగు పైనుంచి కింది వరకూ ఒకే సన్నని గీతలా కనిపించినా, అసలే కనిపించకపోయినా బల్లను బిగించండి. బిగించిన తర్వాత మళ్లీ చూడండి. చాలా యంత్రాల్లో మర బిగించేటప్పుడే బల్ల కాస్త జరుగుతుంది.

ఆ తర్వాత చెక్క మీద పరీక్ష చేయాలి. 100 మిల్లీమీటర్ల వెడల్పు, అంగుళం మందం ఉన్న సాపు చెక్కను రెండు ముక్కలు చేసి, రెండింటి పైముఖాల మీదా పెన్సిలుతో గుర్తు పెట్టి, గుర్తులు పైకి ఉంచి రెండు కొసలనూ చక్రం మీద అరగదీయండి. ఇప్పుడు గాజు పలక మీద రెండు ముక్కలనూ ఎదురెదురుగా, గుర్తులు రెండూ పైకే ఉండేలా పెట్టి కొసలను కలపండి. బల్ల వాలుగా ఉంటే అతుకు పైనో కిందో తెరుచుకుంటుంది, ఆ తెరుపు అసలు తప్పుకు రెట్టింపు ఉంటుంది కనుక కంటికి దొరుకుతుంది. మైటర్ గేజి 90 డిగ్రీలు చూడడానికి కూడా ఇదే పద్ధతి, ఒక్క తేడాతో: రెండు ముక్కలనూ ఒకే అంచును గేజికి ఆనించి అరగదీసి, కలిపేటప్పుడు ఒకదాన్ని బోర్లించి, గేజికి ఆనిన అంచులు రెండూ ఒకే వైపు ఉండేలా ఒక సాపు పట్టీకి ఆనించాలి. ఇక్కడ బోర్లించకపోతే ఒకదాని తప్పును రెండోది కప్పేసి అంతా బాగుందనిపిస్తుంది. నేను ఏడాదిపాటు అలా బోర్లించకుండానే చూసుకుని తృప్తిపడ్డాను.

బల్ల అంచుకూ చక్రానికీ మధ్య సందు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకు మించకూడదు. ఎక్కువైతే సన్నని ముక్క అందులోకి జారి ఇరుక్కుంటుంది, వెనకాలే వేలు వెళ్తుంది. బల్లను వంచిన ప్రతిసారీ ఈ సందు మారుతుంది కనుక మళ్లీ సర్దుకోవాలి. గేజి గాడిలో ఊగుతుంటే దాని పట్టీ పక్కన సన్నని అల్యూమినియం టేపు అంటించి వదులు తగ్గించుకోవచ్చు. నాకైతే గేజి మీద నమ్మకం పోయి, ఫ్రేముల కోసం ప్లైవుడ్ పలక మీద 45 డిగ్రీల దిమ్మను శాశ్వతంగా బిగించి ఉంచుకున్నాను. ఆ పలకను బల్లకు క్లాంపు చేస్తే చాలు, గేజితో పనే లేదు.

ఇక చక్రం సంగతి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు, రెండు పోళ్ల మోటారు సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల చక్రం 1,440 చుట్లతో తిరిగితే దాని అంచు నిమిషానికి సుమారు 1,380 మీటర్ల వేగంతో కదులుతుంది. 6 అంగుళాల చక్రం 2,850 చుట్లతో తిరిగినా అంచు వేగం దాదాపు అంతే. కాబట్టి చిన్నది నెమ్మదిగా కోస్తుందనుకోవడం పొరపాటు. తేడా వచ్చేది జాగాలో. చక్రం కిందికి దిగే సగం మీదే పని చేయాలి, అందులోనూ నడిమధ్యన వేగం సున్నా కనుక ఆ చోటు వదిలేయాలి. పెద్ద చక్రం మీద కూడా నడిమి నుంచి అంగుళం దూరంలో వేగం అంచు వేగంలో ఆరో వంతే. ఆ లెక్కన 6 అంగుళాల చక్రం మీద నిజంగా పనికొచ్చే వెడల్పు రెండంగుళాలకు కాస్త పైన, 12 అంగుళాల దాని మీద ఐదంగుళాలు. 50 మిల్లీమీటర్ల ఫ్రేము పట్టీని 45 డిగ్రీలకు కోస్తే ఆ కోత పొడవు 70 మిల్లీమీటర్లు దాటుతుంది. చిన్న చక్రం మీద అది ఒక్కసారిగా ఆనదు. అటూ ఇటూ జరిపారంటే చదును పోతుంది. అందుకే మీకు పెద్దది చెప్పాను. 12 అంగుళాల చక్రానికి నాలుగు పోళ్ల మోటారే ఉండాలి, 1 హెచ్‌పీ, అంటే 746 వాట్లు, ఇంటి పనికి సరిపోతుంది. పాత యంత్రానికి ఎవరో రెండు పోళ్ల మోటారు తగిలించి ఉంటే అంచు వేగం రెట్టింపై చెక్క మాడడమే కాకుండా, ఆ వేగానికి తయారు చేయని పళ్లెం ప్రమాదకరం కూడా. మోటారు మీది పలక చదివి చూడండి.

మన ఊళ్లో ప్రతి ఇంటికీ అమెరికాలో ఒక మేనల్లుడు ఉంటాడు కనుక ఇదొకటి చెప్పాలి. అక్కడి యంత్రాలు 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినవి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి తగ్గించగలం కానీ హెర్ట్జ్ మార్చలేం. ఇండక్షన్ మోటారు ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతో నడుస్తుంది, వేడెక్కుతుంది. తెప్పించుకోవాలంటే మూలమట్టం తెప్పించుకోండి.

టేకు ఎందుకు మాడిందన్నదానికి వస్తాను. మాడడానికి ముఖ్యమైన కారణాలు నాలుగు: కాగితం అరిగిపోవడం లేదా పొట్టుతో పూడుకుపోవడం, గ్రిట్ (కాగితం మీది రేణువుల సైజు) మరీ సన్నగా ఉండడం, గట్టిగా నొక్కడం, ముక్కను కదపకుండా ఒకే చోట ఆనించి ఉంచడం. టేకులో సహజంగా నూనె ఉంటుంది, సిలికా కూడా ఉంటుంది. నూనె పొట్టును ముద్ద చేసి రేణువుల మధ్య కూరుతుంది, సిలికా రేణువుల వాదర పోగొడుతుంది. పూడుకుపోయిన కాగితం కోయదు, రుద్దుతుంది. కోయడం లేదని మనం ఇంకా నొక్కుతాం, అప్పుడు పొగ వస్తుంది. చెవిపెట్టి వింటే ఇది ముందే తెలుస్తుంది. కాగితం కోస్తున్నంతసేపూ బియ్యం చెరిగినట్టు గరగరమనే సమమైన చప్పుడు వస్తుంది. రుద్దడం మొదలవగానే ఆ గరగర తగ్గి సన్నని కూతలా మారుతుంది. కూత వినపడగానే చెయ్యి వెనక్కి తీయండి. మాడిన కొసను అలాగే జిగురు పెట్టి అతికించకండి, ఆ నల్లని పొర మీద జిగురు సరిగా పట్టదు. టేకును అతికించే ముందు కొసను కాస్త థిన్నరుతో తుడిచి ఆరనిస్తే నూనె పోయి అతుకు నిలుస్తుంది.

గ్రిట్ విషయంలో నేను 80 నంబరు దాటి వెళ్లడం అరుదు. సంఖ్య పెరిగే కొద్దీ రేణువు సన్నబడుతుంది: పీ80 రేణువు సుమారు 200 మైక్రాన్లు, పీ120 సుమారు 125 మైక్రాన్లు. ఆకారం తేల్చడానికి 60, మామూలు పనికి 80, ఫ్రేము మూలలు చివరిగా సరిచేయడానికి 120. అంతకన్నా సన్ననిది ఈ వేగం మీద మాడ్చడానికే పనికివస్తుంది. 80 మిగిల్చిన గీతలు లక్క పాలిష్ కింద కనపడతాయి కనుక కనిపించే కొసలను తర్వాత చెక్క దిమ్మకు చుట్టిన 120, 180 కాగితంతో చేత్తో రుద్దుకోవాలి. దుకాణంలో రేగ్‌మాల్ అని అడిగితే ముందుగా చేత్తో రుద్దే షీట్లు ఇస్తారు. మీకు కావలసింది గుండ్రటి డిస్క్, అల్యూమినియం ఆక్సైడ్ రేణువులది, వెనక మందపాటి కాగితమో గుడ్డో ఉన్నది.

వెల్క్రోతో అతికేవి, వెనక జిగురు ఉన్నవి అని రెండు రకాలు వస్తాయి. మార్చుకోవడం తేలికని అందరూ వెల్క్రో వైపు మొగ్గుతారు. నేను మాత్రం జిగురుదే వాడతాను. వెల్క్రో నూగు మెత్తగా ఉంటుంది. చెక్క ఆనగానే కాస్త అణిగి అంచు దగ్గర పైకి లేస్తుంది, దానితో పదునుగా ఉండవలసిన మూల గుండ్రపడుతుంది. బొమ్మలకు పరవాలేదు, ఫ్రేములకు పనికిరాదు. జిగురు డిస్క్ అంటించే ముందు పళ్లెం మీద పాత జిగురు తునక ఒక్కటి కూడా మిగలకూడదు, లేదంటే అక్కడ బుడిపె ఏర్పడి ప్రతి చుట్టుకూ చెక్కను తడుతుంది. పాత డిస్క్ ఊడకపోతే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడి చేసి ఒక అంచు నుంచి మెల్లగా ఒలవండి, మిగిలిన జిగురును థిన్నరు గుడ్డతో తుడవండి. ఇవి చేసేటప్పుడు ప్లగ్గు పీకి ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు, థిన్నరు ఆవిరి పూర్తిగా పోయాకే యంత్రం ఆన్ చేయాలి. విడి డిస్కులను డబ్బాలో చదునుగా బరువు కింద పెట్టుకోండి, వానాకాలంలో చెమ్మ పీల్చి అప్పడాల్లా మెలితిరుగుతాయి. పూడుకుపోయిన కాగితాన్ని క్రేప్ రబ్బరు దిమ్మతో శుభ్రం చేస్తే చాలా ఎక్కువ కాలం వస్తుంది. పాత చెప్పు అడుగు వాడమని చాలామంది సలహా ఇస్తారు. అది అసలైన క్రేప్ రబ్బరు అయితేనే పనిచేస్తుంది, ఇప్పుడు వచ్చే నురగ అడుగులు కరిగి కాగితానికే అంటుకుంటాయి.

పని చేసే పద్ధతిలో తప్పక పాటించవలసింది ఒకటుంది. మీరు ఎదురుగా నిలబడితే ఎక్కువ యంత్రాల్లో చక్రం ఎడమవైపు కిందికి దిగుతుంది, కుడివైపు పైకి లేస్తుంది. ఎడమ సగం చెక్కను బల్లకేసి అదుముతుంది. కుడి సగం చెక్కను ఎత్తి మీ ముఖానికి కొడుతుంది, పొట్టును కంట్లో చల్లుతుంది. పాత యంత్రమైతే ఆన్ చేసి ఎటు తిరుగుతోందో ముందు చూడండి. కెపాసిటర్ మోటార్లలో స్టార్టింగ్ వైండింగ్ తీగలు తారుమారు చేస్తే దిశ మారుతుంది, కానీ పళ్లెం మరతో బిగించి ఉండే రకమైతే వ్యతిరేకంగా తిరిగినప్పుడు అది ఊడివస్తుంది, కాబట్టి ఆ పని తెలిసినవారితోనే చేయించండి. రంపంతో కోసేటప్పుడు గీతకు ఒక మిల్లీమీటరు మిగిల్చి, ఆ మిల్లీమీటరును మాత్రమే చక్రానికి వదలాలి. ఐదు మిల్లీమీటర్లు అరగదీద్దామనుకోవడం బద్ధకం, దాని ఖరీదు కాగితంలో తెలుస్తుంది. ముక్కను తాకీతాకనట్టు ఆనించి, ఎడమ అంచుకూ నడిమికీ మధ్య నెమ్మదిగా జరుపుతూ ఉండండి, గీత సగం చెరిగిన చోట ఆపండి.

మీ బొమ్మల్లో చిన్న ముక్కలు చాలా ఉంటాయి, నాకు భయమంతా వాటి గురించే. వేళ్లు చక్రానికి మూడంగుళాల లోపుకు వెళ్లే ముక్క దేన్నీ చేత్తో పట్టుకోకూడదు. చదరంగం బంటు అంత ముక్కను చేత్తో పట్టి అరగదీసినప్పుడు అది తటాలున తిరిగింది, నా చూపుడు వేలి కొస చర్మం క్షణంలో పోయింది; నొప్పి ఆ తర్వాత తెలిసింది. అప్పటి నుంచి చిన్నవాటిని పొడుగాటి పట్టీకి ద్విముఖ టేపుతో అంటించుకునో, పెద్ద ముక్క కొసనే ఆకారం తేల్చి తర్వాత కోసుకునో చేస్తున్నాను. గ్లవ్స్ వేసుకోకూడదు, చక్రం గుడ్డ అందితే చేతిని కూడా లాగుతుంది. లుంగీ కొస, చున్నీ, పొడుగు చేతులు, మణికట్టుకు కట్టుకున్న గుడి దారం అన్నీ దూరంగా ఉండాలి. స్విచ్చి ఆపిన తర్వాత కూడా బరువైన పళ్లెం చాలాసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆగిందనుకుని చెయ్యి పెట్టేది అప్పుడే.

బండి చక్రాలు చేయడానికి ఒక చిన్న అమరిక చెబుతాను. ప్లైవుడ్ పలకను బల్లకు క్లాంపు చేసి, శాండర్ చక్రం ఎడమ సగానికి ఎదురుగా, కావలసిన వ్యాసార్ధం దూరంలో తల తీసిన మేకు ఒకటి నిలబెట్టండి. కాస్త పెద్దగా కోసిన బిళ్ల నడుమ అదే మందం రంధ్రం చేసి మేకు మీద కూర్చోబెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే దోసె పెనం అంత గుండ్రంగా వస్తుంది. మేకు ఉన్న పట్టీని గాడిలో జరిగేలా చేసి ఆపుడు దిమ్మ పెట్టుకుంటే నాలుగు చక్రాలూ ఒకే కొలతకు వస్తాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి లాంటి తేలికైన చెక్క దొరికితే దానికి మొదటే 120 వేయండి, 60 మీద అది మీరు చూస్తుండగానే మాయమవుతుంది. పాత ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క వాడితే మేకులన్నీ పీకారో లేదో అయస్కాంతంతో తడిమి చూసుకోండి. ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, కింద పొట్టు సిద్ధంగా ఉంటుంది.

కరెంటు విషయం. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 5 నుంచి 7 ఆంపియర్లు తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్టూ, టేబుల్ ఫ్యాను ఎక్స్‌టెన్షన్ తీగా దీనికి చాలవు. 16 ఆంపియర్ల సాకెట్టు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగు ఉండాలి. మామూలు స్విచ్చి బదులు నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు పెట్టించండి. ఒక మే నెల మధ్యాహ్నం పని మధ్యలో కరెంటు పోయింది. స్విచ్చి కట్టేయడం మరచి, ముక్కను బల్ల మీదే వదిలి మంచినీళ్లకు లోపలికి వెళ్లాను. కరెంటు రాగానే యంత్రం దానంతటదే మొదలై ఆ ముక్కను గోడకు విసిరింది. గోడ మీది సొట్ట ఇప్పటికీ ఉంది. నో వోల్ట్ స్టార్టరు ఉంటే మళ్లీ మీట నొక్కితే తప్ప మోటారు కదలదు.

ధూళి సంగతి తేలిగ్గా తీసుకోకండి. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషులకు కేన్సర్ కలిగించేవాటి జాబితాలో, మొదటి వర్గంలో చేర్చింది; ముప్పు ముఖ్యంగా ముక్కు లోపలి కుహరాలకు. కంటికి కనిపించే పొట్టు కింద పడిపోతుంది, గంటసేపు గాలిలో తేలుతూ ఉండిపోయే సన్ననిదే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. రోజ్‌వుడ్, టేకు ధూళి కొందరికి దద్దుర్లు, తుమ్ములు తెస్తుంది. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక) ధూళిలో జిగురు కూడా ఉంటుంది. జేబు రుమాలు కట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు, ఎన్95 మాస్కు ముక్కు దగ్గర నొక్కి పెట్టుకోండి. బల్ల కింద గొట్టం పెట్టే మూతి ఉన్న యంత్రమైతే దానికి వ్యాక్యూమ్ క్లీనరు తగిలించి, మధ్యలో 20 లీటర్ల పెయింటు బకెట్టు మీద, గాలిని సుడి తిప్పి పొట్టును కింద పడేసే సైక్లోన్ మూత ఒకటి పెట్టుకుంటే పొట్టు చాలావరకు బకెట్టులోనే దిగిపోతుంది, క్లీనరు ఫిల్టరు పూడుకుపోదు. షెడ్డు షట్టరు తెరిచి, పాత ఫ్యానును బయటికి ఊదేలా నిలబెట్టండి. పక్కింటివారి దండెం మీద బట్టలు ఆరుతున్నాయేమో చూసుకుని మొదలుపెడితే మీకూ వారికీ మంచిది.

చివరిగా రాణీగంజ్ యంత్రం. వెళ్లేటప్పుడు 6 అంగుళాల మూలమట్టం, స్టీలు స్కేలు, టార్చి, నాలుగు టేకు తునకలు వెంట తీసుకెళ్లండి. స్కేలును బల్ల మీద ఐమూలగా నిలబెట్టి కింద వెలుగు కనిపిస్తుందేమో చూడండి. బల్లను 45కు వంచి, తిరిగి 90కి తెచ్చి బిగించి, అరచేతితో గట్టిగా అదిమి చూడండి. కదిలితే వెనక్కి వచ్చేయండి. ప్లగ్గు పీకించి, పళ్లెం అంచు పక్కన పెన్సిలు మొన స్థిరంగా పట్టి చేత్తో తిప్పండి. మొనకూ పళ్లేనికీ మధ్య దూరం పెరుగుతూ తగ్గుతూ ఉంటే పళ్లెం వంకర తిరుగుతోందన్నమాట. ఈ ఒక్క లోపం ఉంటే మాత్రం బేరం చెడగొట్టుకోనక్కర్లేదు, షాఫ్టు బాగుంటే బాలానగర్‌లో ఏ లేత్ పనివారైనా పళ్లెం ముఖాన్ని చదును చేసి ఇస్తారు. బేరింగుల్లో గరగర, షాఫ్టులో వదులు ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. మోటారు మాడిందైనా మార్చుకోవచ్చు. విరిగి వెల్డింగు చేసిన పోత ఇనుప బల్ల మాత్రం వద్దు. అన్నీ బాగుంటే అక్కడికక్కడే కొత్త 80 నంబరు డిస్క్ వేయించి, మీ టేకు తునకలు రెండు అరగదీసి, గుర్తులు పైకి పెట్టి దుకాణం గాజు కౌంటరు మీద కొసలు కలిపి చూసుకోండి. వెలుగు దూరకపోతే ఆటోట్రాలీ మాట్లాడుకోండి.